తిరిగే ఊరికి ఏడో అర

1. ఆషాఢం, మొదటి ఆదివారం

పొద్దున సోలార్ పలకల మీద కొంగల రెట్ట తుడిచాను. ఈ ఊళ్ళో డెబ్బై దాటినవాళ్ళకు మోకులు లాగే వంతు ఉండదు, రెట్ట తుడిచే వంతు ఉంటుంది. గౌరవం ఏదో ఒక రూపంలో దక్కాలి కదా.

తరువాత సిమ్యులేటర్ గదికి వెళ్ళాను. నీటి మీద తేలే మా తెప్పవలసలో కరెంటు ముందు ఐస్ ఫ్యాక్టరీకి, మిగిలితే మనుషులకు. కాబట్టి మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఆపిన కాసేపట్లోనే ఎవరైనా విమానం నేర్చుకోవాలి. మైలపల్లి నూకరత్నం అప్పటికే కుర్చీలో కూర్చుని ఉంది. మొన్నటిదాకా మోటారు పడవ నడిపిన మనిషి. ఇప్పుడు మా ఊరి తూనీగను నడపటానికి లైసెన్సు కావాలంటుంది. తూనీగ అంటే నాలుగు సీట్ల కరెంటు విమానం. నిజం విమానాన్ని ఆమె అద్దె పైలట్ పక్కన కూర్చుని ఎన్నోసార్లు ఎగరేసింది, దించింది. పైలట్ నిద్రపోతుంటే కూడా దించింది. అయినా లైసెన్సుకు అది చాలదు. లైసెన్సులిచ్చే ప్రమాణ మండలి వారి ఈ యంత్రంలో సొంత ఊరి రన్‌వే మీద దిగి చూపాలి.

చిక్కల్లా ఏమిటంటే, ఆ యంత్రంలో మా ఊరు లేదు.

యంత్రంలో ఉన్నది సముద్రం పొంగక ముందరి కోస్తా. అందులో బీచి రోడ్డు ఉంది, బస్ స్టాండ్ ఉంది, ఇప్పుడు చేపలు చదువుకుంటున్న కాలేజీ ఉంది. నూకరత్నం ముందుగా వాళ్ళ ముత్తాత ఉన్న వీధి మీదుగా ఒక చుట్టు కొట్టింది, అది ఆమెకు అలవాటు. అక్కడి నుంచి తూర్పుకు తిప్పి, తెప్పవలస ఉండాల్సిన చోటికి వచ్చి, చక్రాలు ఆనించింది. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి: విమానం నీట మునిగింది.

"మునగనేదు," అంది నూకరత్నం, తెరతోనే. "నానిక్కడే పుట్టాను. ఇక్కడే ఉన్నాను."

తెర ఒప్పుకోలేదు.

2. ఆషాఢం, ఆ మర్నాడు

ఊరి పెద్ద తెడ్డు పరదేశి వచ్చి నా గుమ్మంలో కూర్చున్నాడు. ఆయన ఊరికే రాడు, వస్తే చేప తెస్తాడు. ఇవాళ కోనాం తెచ్చాడు కాబట్టి పని పెద్దదే.

"అద్దె పైలట్ ఆశ్వయుజంతో ఎలిపోతాడంట బావూ. కొండ మీదోళ్ళు ఎక్కువిస్తన్నారంట. తరవాత తుపానుల రోజులు. పడవ ఎల్లదు. పోయినేడు పైలట్ నేక అప్పలకొండ పెళ్ళాం కాన్పుకి ఎంత అవస్థయిందో మీరూ సూసినారు."

చూశాను. తల్లీబిడ్డా బతికారు, కానీ ఆ మూడు రోజుల తరువాత అప్పలకొండ జుట్టు నా జుట్టులా అయింది.

"నూకరత్నానికి లైసెన్సు రావాల. దానికి మన ఊరు ఆ పెట్టిలోకి ఎక్కాల. ఆ పెట్టి ఫైళ్ళు మీకు తెలుసునంట కదా?"

తెలుసునా అని నన్నడుగుతున్నాడు. ఈ సీనరీ ఫైళ్ళను, అంటే యంత్రంలో నేలనూ నీటినీ ఇళ్ళనూ చూపించే ఫైళ్ళను, ఈ తీరాన మొదట విప్పింది నేను. వాటిని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, రహస్యం చెప్పకుండానే పోయింది. అయినా చట్టంలో ఆ యంత్రం పేరే ఉంది. చట్టం మార్చాలంటే మండలి కూర్చోవాలి. వాళ్ళ ఆఫీసు కింది అంతస్తులో నీళ్ళున్నాయి, కుర్చీలు అక్కడే ఉన్నాయి.

ఫైలులో ఏడు అరలుంటాయి. ఆరింటిని నేను తెరిచాను: చోటు, ఎత్తు, నీరు, దారులు, ఇళ్ళూ చెట్లూ, రన్‌వే. ఆ ఆరింటి మీద పుస్తకం వేసినవాడు మాత్రం కిల్లంశెట్టి జగన్నాయకులు. అప్పట్లో ఇద్దరం ఒకే గదిలో పనిచేసేవాళ్ళం. ముఖచిత్రం మీద ఆయన పేరు, వెనక అట్ట మీద ఆయన ఫోటో. నా పేరు కృతజ్ఞతల పేజీలో ఉంది, టీ తెచ్చిన మనిషి పేరు తరువాత. టీ బాగుండేది, అది నేనూ ఒప్పుకుంటాను.

ఏడో అర గురించి ఆయన రాసిన వాక్యం నాకు కంఠతా వచ్చు: "ఇందులో ఒకే జాబితా నాలుగుసార్లు ఉన్నది. ఇది ఖాళీ నింపుటకు వేసిన పొట్టు." ఆ పొట్టు మీద ఆయనకు బిరుదు, పదవి, ప్రమాణ మండలిలో సలహాదారు కుర్చీ వచ్చాయి. ఆ కుర్చీ పై అంతస్తులో ఉంది.

"చేస్తాను పరదేశీ," అన్నాను. చేప కోసం కాదు.

3. ఆషాఢం, ఉక్కగా ఉంది

చదవటం వేరు, రాయటం వేరు. ఇది సాహిత్యానికి కూడా వర్తిస్తుంది, కానీ ఆ సంగతి చెబితే చాలామంది నొచ్చుకుంటారు. ఫైలులో ఒక్క అంకె మార్చి యంత్రానికిస్తే "చెడిన ఫైలు" అని ఉమ్మేస్తోంది. ఏ అంకె మార్చినా అంతే.

వయసులో ఉండగా నేను రాతి శాసనాలు చాలా చదివాను. దానం ఎవరిచ్చారు, ఎంత భూమి, ఎల్లలేమిటి అన్నీ చెప్పి, చివర ఒక శాపం చెక్కుతారు: దీన్ని మార్చినవాడు పెంటలో పురుగై పుడతాడని. ఈ ఫైలు చివర కూడా నాలుగు బైట్లు వేరుగా ఉన్నాయి. పైన ఎక్కడ గీకినా అవి సరిపోవటం లేదన్నమాట. అదీ శాపమే.

4. ఆషాఢం చివర

శాపం విప్పాను. పై అంకెలన్నీ కూడుతూ, కూడిన ప్రతిసారీ మొత్తాన్ని ఒక స్థానం పక్కకు జరపాలి. చివర మిగిలేదే ఆ నాలుగు బైట్లు. కాగితాల మీద వేసి చూసేసరికి వారం పట్టింది. జగన్నాయకులు పుస్తకంలో దీని ఊసే లేదు. చదవటంతో ఆగినవాడికి శాపం తగలదు.

తెప్పవలసను యంత్రంలో పెట్టి నూకరత్నాన్ని పిలిచాను. ఆమె ఎగిరింది. కాసేపటికి గాజు ముందు గోడ లేచింది.

"తాతా, ఇదేటి?"

"మన ఊరు."

"మన ఊరు సింహాచలం కొండకన్నా ఎత్తున్నాదేటి?"

ఎత్తు రెండు అంకెల్లో రాస్తారు. ఆ కంపెనీవాళ్ళు చిన్న అంకె ముందు, పెద్దది తరువాత రాస్తారు. నేను తిరగేసి రాశాను. నీటి మీద మనిషి మోకాలంత ఎత్తు తేలాల్సిన ఊరు మేఘాల్లోకి వెళ్ళి కూర్చుంది. పైన ఐస్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ మబ్బులు, అంచున పరదేశి ఇల్లు. ఊరి జనం వంతులవారీగా వచ్చి చూసి వెళ్ళారు. పరదేశి భార్య తన ఇంటిని అంత ఎత్తున చూసుకుని మురిసిపోయి, అలాగే ఉంచెయ్యమంది.

5. శ్రావణం

ఇవాళ ఊరు నీటి మీదికి దిగింది. రన్‌వే తెప్ప తెల్లగా, పొడుగ్గా, ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. నూకరత్నం వచ్చి దిగింది. ఎర్రక్షరాలు రాలేదు. ఆమె ఇంజను ఆపి తెరకేసి కాసేపు చూసి, "మా ఇంటికి రంగెయ్యనేదు," అంది. వేశాను. ఆకుపచ్చ.

కరెంటు ఇంకా కొంచెం ఉంది కాబట్టి సొంత పని ఒకటి చేసుకున్నాను. ఏడో అర పొట్టు కాదని నా నమ్మకం. నాలుగు జాబితాలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే: నీటికి ఏ బొమ్మ, నేలకు ఏ బొమ్మ, ఏ ఇళ్ళు, ఏ రన్‌వే. నాలుగూ ఒకటే కాబట్టి ఒకటి పరీక్షిస్తే చాలనుకున్నాను. మూడో జాబితాలో నీటి బొమ్మ తీసి, చూడగానే పోల్చుకోగలిగే బొమ్మ ఒకటి పెట్టాను. పుస్తకం వెనక అట్ట మీది జగన్నాయకులు ఫోటో. చేతికి అదే దొరికింది.

ఏమీ జరగలేదు. సముద్రం సముద్రంలాగే ఉంది. పొట్టేనేమో. ఈ మాట రాయటానికి చెయ్యి రావటం లేదు, అందుకని అక్షరాలు వంకరగా ఉన్నాయి.

6. శ్రావణ పౌర్ణమి దాటాక

మండలి నుంచి ఉత్తరం వచ్చింది. సంతకం చూడకుండానే జగన్నాయకులుదని తెలిసింది. కర్మణి వాక్యాలు ఆయనకు వ్యసనం.

పరీక్ష కార్తికానికి వాయిదా వేయబడినది. సమర్పించబడు ఫైలు సంవత్సరములో ప్రతి దినమునకు సరిపోవలెను, సమర్పించిన పిమ్మట మార్చబడరాదు. తెప్పవలస ఆశ్వయుజమున తిరుగునని మాకు తెలియును. తిరుగునది నేల కాజాలదు. కనుక ఓడగా నమోదు చేసుకొనవచ్చును.

ఆయన చెప్పింది ఒక విధంగా నిజమే. మా తెప్పలన్నీ ఒకదానికొకటి కట్టి, ఒక కొసన లంగరు వేసి ఉంటాయి. ఎండలు మొదలయ్యాక ప్రవాహం ఉత్తరానికి మళ్ళుతుంది, వానాకాలం దాకా ఊరు అటే చాచుకుని ఉంటుంది. ఆశ్వయుజంలో ప్రవాహం దక్షిణానికి మళ్ళుతుంది. అప్పుడు పక్కతాళ్ళు వదిలేస్తాం, ఊరు లంగరు చుట్టూ మెల్లగా తిరిగి రెండో వైపు చాచుకుంటుంది. ఆ రోజు మాకు పండగ. పొద్దున సూర్యుడికి ఎదురుగా ఉన్న గుమ్మం సాయంత్రం కూడా సూర్యుడికి ఎదురుగానే ఉంటుంది. ఆ రోజు ఎవరూ ఇల్లు తుడవరు, తలుపు వేయరు. రన్‌వే కూడా ఊరితోపాటే తిరిగి, లంగరుకు అవతలి పక్కకు పోతుంది. పరీక్ష ముందే జరిగి ఉంటే ఈ గొడవ వచ్చేది కాదు.

యంత్రంలో ఓడల ఫైలు వేరే ఉంది. అందులో పెడితే అరగంట పని. పరదేశికి చెప్పాను.

ఆయన తెచ్చిన చేపను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"బావూ, మాది ఊరని కోర్టు సేత సెప్పించుకోడానికి మా అయ్య సచ్చీదాకా తిరిగినాడు. పడవల మీదున్నోళ్ళకి బడి నేదన్నారు, ఓటు నేదన్నారు. పడవకి పోస్టు ఎలాగొస్తాదన్నారు. ఇప్పుడు లైసెన్సుకోసరం మాది ఓడని మేవే రాసిచ్చీమంటారేటి?"

"లైసెన్సు రాకపోతే?"

"రావాల. ఊరూ ఊరుగానే ఉండాల."

"రెండూ కుదరవంటున్నాడు పరదేశీ."

"ఆయన కుదరవంటే మీరు ఊరుకుంతారా? మీ ఇద్దరి సంగతీ ఊరంతా ఎరుగును."

చేప మాత్రం వదిలి వెళ్ళాడు.

7. శ్రావణం, అమావాస్యకు ముందు

తిరిగే నేల కోసం రన్‌వే అర అంతా మళ్ళీ గాలించాను. నేల తిరగదు. నేల తిరగగలదని ఆ కంపెనీవాళ్ళకు తోచనే లేదు. రెండు రన్‌వేలు ఒకేసారి పెట్టి చూశాను. నూకరత్నం పైనుంచి చూసి, "ఊరు కవలల్ని కన్నాది," అంది. పరీక్షలో, ఊళ్ళో లేని రన్‌వే కనిపిస్తే అదీ తప్పే. తీసేశాను.

8. భాద్రపదం

రెట్ట తుడిచాను. రాయటానికి మరేమీ లేదు. నూకరత్నం రోజూ వచ్చి దిగి వెళుతోంది, పనికిరాని రన్‌వే మీద. వద్దనలేను.

"నువ్వు ఓడకు ఒప్పుకుంటావా?" అని అడిగాను.

"నాను ఒప్పుకుంతే మా పెదనాన్న మాటాడడు. ఒప్పుకోపోతే తుపానులో ఎవులో ఒకలు నా మొకం సూస్తారు, ఎగరేసి తీసికెల్లమని. లైసెన్సు నేకుండా ఎగిరితే తూనీగనే పట్టుకుపోతారు." కుర్చీలోంచి లేస్తూ అంది: "నాకు రెండు మొకాలూ సూడాలని నేదు తాతా. మీరు బేగి ఏదో ఒకటి సెయ్యండి."

పెదనాన్న అంటే పరదేశి.

9. భాద్రపదం, వినాయకుణ్ణి నీళ్ళలో కలిపిన తరువాత

ఈ రోజు సంగతి వరసగా రాయాలి, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

నూకరత్నం మామూలుగా ఎగిరింది. ముత్తాత వీధి చూసుకుంది. తూర్పుకు తిరిగింది. తిరిగి, చెయ్యి విమానాన్ని తిప్పే కర్ర మీద నుంచి తీసేసింది.

"తాతా. సముద్రంలో ఎవులో ఉన్నారు."

తెర చూశాను. కనుచూపు మేర నీరు లేదు. నీరుండాల్సిన చోటల్లా జగన్నాయకులు. ఒకరు కాదు, అలకొకరు. కళ్ళజోడు, పాపిడి, బిరుదు తీసుకున్ననాటి చిరునవ్వు. మా ఊరు ఒక జగన్నాయకులు నుదుటి మీద తేలుతోంది, రన్‌వే ఆయన ముక్కు మీదికి చాచుకుని ఉంది.

"దిగమంతారా?" అంది నూకరత్నం.

"దిగు."

ముక్కు మీద దిగింది. నేను నవ్వటం మొదలుపెట్టాను, ఆమె భయపడి మంచినీళ్ళు తెచ్చింది. తాగుతుండగా అసలు సంగతి తట్టింది. ఆ బొమ్మ పెట్టింది శ్రావణంలో. అప్పుడు కనపడలేదు. ఏడో అరను నేను మళ్ళీ ముట్టుకోలేదు. నిన్న కూడా కనపడలేదు. ఇవాళ కనపడింది. మారింది ఫైలు కాదు, తేదీ. యంత్రం గడియారం ఇవాళ్టితో వాళ్ళ మూడో రుతువులోకి వెళ్ళింది.

నాలుగు జాబితాలు నాలుగు రుతువులు. ఆ కంపెనీవాళ్ళు మంచు దేశంవాళ్ళు. వాళ్ళ నేల ఒక రుతువులో పచ్చగా, ఒక రుతువులో ఎర్రగా, ఒక రుతువులో తెల్లగా ఉంటుంది. చలికాలంలో అక్కడ చెరువులు గడ్డకడితే వాటి మీద విమానాలు దించుతారని ఎక్కడో చదివాను. అంటే వాళ్ళకు రుతువుకో రన్‌వే కావాలి. ఎండాకాలం నీరు, చలికాలం రన్‌వే. అందుకే ఆ అర. మన తీరానికి వచ్చేసరికి మంచూ లేదు, ఆకు రాలటమూ లేదు, నాలుగింటిలోనూ ఒకటే రాసి ఊరుకున్నారు. ఆయన పొట్టు అన్నాడు, నేను ఒకటి చూస్తే నాలుగూ చూసినట్టే అన్నాను. ఎండ, ఇంకా ఎండ, తుపాను తప్ప ఎరగని వాళ్ళం. నేల రుతువుతో మారుతుందని మాకు ఎలా తోస్తుంది?

మా ఊరు తప్ప. మా ఊరు రుతువుతో మారుతుంది.

10. భాద్రపదం, ముసురు

రుతువు ఏ తేదీన, ఏ గంటకు మారాలో జాబితా పక్కనే రాసి ఉంది. దాన్నీ మార్చవచ్చు. మొదటి రెండు జాబితాల్లో ఊరు ఉత్తరంగా, మూడు నాలుగుల్లో దక్షిణంగా. ఒకటే ఫైలు, ఏడాదంతా సరిపోతుంది, ఎవరూ మళ్ళీ ముట్టుకోనక్కరలేదు. ఊరు నేలగానే ఉంటుంది, మంచు పడే నేల ఎంత నేలో ఇదీ అంతే నేల.

పరదేశికి ఇలా చెప్పాను: "వాళ్ళ ఊరికి చలికాలం వస్తే రంగు మారుతుంది. మన ఊరికి వస్తే దిక్కు మారుతుంది. చట్టంలో తేడా లేదు."

"అయితే మనది ఊరే."

"మంచి ఊరు."

రెండు చేపలు పంపించాడు.

జగన్నాయకులును సముద్రంలోంచి తీసేశాను. నూకరత్నం ఒకరోజు ఉంచమంది, ఊళ్ళోవాళ్ళకు చూపించాలట. ఉంచాను. అందరూ చూశాకే తీశాను.

11. ఆశ్వయుజం, ఊరు తిరిగిన రోజు

పక్కతాళ్ళు వదిలారు. డప్పులు కొట్టారు. ఊరు తిరగటానికి ఎప్పటిలా పూట పట్టింది. నేను గుమ్మంలో కూర్చుని, ఇల్లు కదలకుండానే ప్రపంచమంతా నా ముందు నుంచి నడిచి వెళ్ళటం చూశాను. మునిగిన పట్నంలో పైకి మిగిలిన మంచినీళ్ళ ట్యాంకు వచ్చింది, వెళ్ళింది. తరువాత కొండలు. తరువాత ఉత్త సముద్రం.

ప్రవాహం మళ్ళిన గంట చూసి ఫైలులో పెట్టాను, శాపం చెక్కాను, మండలికి పంపాను. ఫైలుతో పాటు, ఇలాంటి ఫైళ్ళు రాయటానికి నేను చేసుకున్న పనిముట్టు, దాన్ని ఎలా వాడాలో వివరం కూడా పంపాను. ఇక ఏ ఊరివాళ్ళైనా తమ ఊరిని యంత్రంలోకి ఎక్కించుకోవచ్చు. చివరి పేజీలో ఒక లోపం కూడా నిజాయితీగా రాశాను: యంత్రంలో రుతువు రెప్పపాటులో మారుతుంది, కాబట్టి ఊరు కూడా రెప్పపాటులో తిరుగుతుంది. చివరి పేజీలు ఎవరూ చదవరు. నా అనుభవం అది.

12. ఆశ్వయుజ బహుళం

అద్దె పైలట్ వెళ్ళిపోయాడు. పాపం, మంచివాడే, నిద్ర ఎక్కువ. తూనీగకు టార్పాలిన్ కప్పారు.

13. కార్తికం, పరీక్ష రోజు

పరీక్షాధికారి పడవలో వచ్చాడు. జగన్నాయకులు. పాపిడి లేదు, జుట్టే లేదు. అలలకు వాంతులు చేసుకుని ముఖం పాలిపోయి ఉంది. చెయ్యి అందించాను, మెట్టు జారుడుగా ఉంటుంది కాబట్టి.

"ఏవయ్యా భానోజీ. ఇంకా ఉన్నావా?"

"నీ కృతజ్ఞతల పేజీలో చివరిదాకా వెతుకు, కనపడతాను."

"టీ అతను పోయాడు," అన్నాడు. "పోయినేడు."

నేను దీనికి సిద్ధంగా లేను. నిజంగానే మంచి టీ.

సిమ్యులేటర్ గది కిటికీలకు ఊరంతా అతుక్కుంది. నూకరత్నం కూర్చుంది. పక్కగాలిలో దించమన్నాడు, దించింది. పొగమంచులో దించమన్నాడు, దించింది. ఇంజను సగం తగ్గించి దించమన్నాడు. దించి, "పడవలో ఇది రోజూ ఉండేదే," అంది. ప్రతిసారీ ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు, ముఖంలో ఏమీ లేదు.

ఆఖరి దిగుడు. ఆయన లేచి యంత్రం గడియారం దగ్గరికి వెళ్ళి, తేదీని వెనక్కు తిప్పాడు. ఎంత వెనక్కు తిప్పాడో చూశాను. ఊరు తిరిగిన రోజు. ప్రవాహం మళ్ళే గంటకు కొన్ని నిమిషాల ముందు.

చివరి పేజీ చదివాడు.

చెప్పటానికి వీల్లేదు, పరీక్షలో మాట్లాడకూడదు. పరదేశి నా ముఖం చూసి చేతిలోని టోపీ నలిపేశాడు. నూకరత్నం కిందికి దిగుతోంది. రన్‌వే ఎదురుగా తిన్నగా ఉంది. ఊరి కప్పులు కనిపిస్తున్నాయి, ఆకుపచ్చ ఇల్లు కనిపిస్తోంది. చక్రాలు ఇక ఆనుతాయనగా రన్‌వే మాయమైంది. ముందు ఉత్త నీరు.



నూకరత్నం కర్ర వెనక్కు లాగి ఇంజనుకు బలమిచ్చింది. చక్రాలు నీటిని రాసుకుంటూ వెళ్ళాయేమో, తెలియదు. పైకి లేచింది. కంగారుపడి వెతకలేదు. మంచినీళ్ళ ట్యాంకు ఎక్కడుందో చూసింది, దాని వెనక కొండ ఎక్కడుందో చూసింది, మా వాళ్ళు వల వేసే చోటు గుర్తుపట్టేది అలాగే. లంగరు ఎక్కడుండాలో అక్కడికి మెడ తిప్పింది. ఊరు అవతలి పక్కన చాచుకుని ఉంది. పెద్ద చుట్టు కొట్టి, రెండో వైపు నుంచి వచ్చి, మెత్తగా దిగింది.

జగన్నాయకులు అడిగాడు: "ఏమైందమ్మా?"

"ఊరు తిరిగింది బావూ. యేటా తిరుగుతాది."

"అంత తొందరగానా?"

"ఎవులో తొందర పెట్టినట్టున్నారు."

కిటికీల దగ్గర నవ్వులు మొదలయ్యాయి. ఆయన కూడా నవ్వాడనుకుంటాను, కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు కాబట్టి సరిగ్గా కనపడలేదు. "దిగకూడని చోట దిగకపోవటమే లైసెన్సు," అన్నాడు. "మిగతాదంతా అభ్యాసం." సంతకం పెట్టాడు. ఊరు అన్న గడిలో తెప్పవలస అని తన చేత్తోనే రాశాడు. ఓడ అన్న గడిని కొట్టేశాడు. పరదేశి ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకుని, చదవటం రానట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు చదవటం బాగా వచ్చు.

14. అదే రోజు, భోజనాల తరువాత

జగన్నాయకులూ నేనూ నా గుమ్మంలో కూర్చున్నాం. ఈ సందర్భం కోసం నేను చాలా ఏళ్ళుగా ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. మూడు భాగాలు, మధ్యలో రెండు శ్లోకాలు.

"నీ వివరం మొత్తం చదివాను," అన్నాడు. "రెండుసార్లు. ముప్ఫయ్యో పేజీలో కూడిక తప్పు."

"తప్పు లేదు."

"ఉంది. చూసుకో."

చూసుకున్నాను. ఉంది. నేను రాసింది చివరి పేజీ దాకా చదివిన ఏకైక పాఠకుడు ఈయనే కావటం ఎంత దరిద్రమో రాయటానికి నా దగ్గర మాటలు లేవు. ఉపన్యాసంలో మొదటి భాగం మాత్రం చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, రెండో భాగం ఉందా అని అడిగాడు. తరువాత చెబుతానన్నాను.

"ఏడో అర పొట్టని రాసింది నేనే," అన్నాడు. "కొత్త కూర్పు వేయాలి. ఆ అధ్యాయం నువ్వు రాయి."

"ముఖచిత్రం మీద ఎవరి పేరు ముందు?"

"అకారాది క్రమంలో వేద్దాం."

"ఇంటిపేర్లతోనా?"

నా ఇంటిపేరు ఆడారి. ఆయన వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టాడు. ఈలోగా గాలి మళ్ళింది.

పరదేశి వచ్చి చెప్పాడు, తుపాను గుర్తు ఎగరేశారు, పడవ వెళ్ళదు. నాలుగైదు రోజులు ఉండిపొమ్మన్నాడు, చేపలకు లోటు లేదన్నాడు. తెప్ప కొంచెం ఊగింది. జగన్నాయకులు గుమ్మం పట్టుకున్నాడు, ముఖం మళ్ళీ పాలిపోయింది.

"ఇంకో దారి ఉందా?" అన్నాడు.

అందరం టార్పాలిన్ కేసి చూశాం.

నూకరత్నం అప్పటికే దాన్ని విప్పుతోంది. గాలి ఇంకా ముదరలేదు, వెళ్ళి రావటానికి వ్యవధి ఉందని లెక్క చెప్పింది. ఆయన్ని ఎక్కించటానికి నేనూ పరదేశీ చెరో జబ్బ పట్టుకోవాల్సి వచ్చింది.

"అమ్మా," అన్నాడు, సీట్లో సర్దుకుంటూ, "నువ్వు ఇంతకుముందు ప్రయాణికుల్ని ఎక్కించుకున్నావా?"

"మీరే మొదలు బావూ. పొద్దున దాకా లైసెన్సు నేదు కదా."

"అవును. నేనే ఇచ్చాను."

"అందుకే ధైర్నంగా కూకోండి. మీ సంతకం మీద మీకు నమ్మకం ఉండాల. బెల్టు."

తూనీగ రన్‌వే మీద పరుగెత్తి, గాలికి ఎదురుగా లేచింది. ఒక రెక్క వంచి కొండలవైపు తిరిగింది. మేమంతా రేడియో గదికి పరుగెత్తాం. నేను పరుగెత్తలేదు, కానీ అందరికన్నా ముందే చేరాను, ఎలాగో తెలియదు. కొండ మీది విమానాశ్రయం గొంతు గరగరలాడుతూ అడుగుతోంది, ఎక్కడి నుంచి వస్తున్నారని.

"తెప్పవలస," అంది నూకరత్నం.

గరగర. మండలి పంపిన ఫైళ్ళలో వెతుకుతున్న చప్పుడు. ఇన్నాళ్ళూ ఈ పేరు వినగానే వాళ్ళు అదెక్కడ అని అడిగేవాళ్ళు, అద్దె పైలట్ విసుక్కుంటూ సముద్రం అనేవాడు.

"తెప్పవలస. కనిపించింది. రండి. ప్రయాణికులెంతమంది?"

"ఒక్కరే," అంది నూకరత్నం. "కళ్ళు మూసుకుని ఉన్నారు."